బాంబరుకు శాంతి చేయించిన శనివారం

పోయిన నెల ఒక ఆదివారం మధ్యాహ్నం మేఘన అనే అమ్మాయి మా ఇంటికి వచ్చింది. ఇక్కడ చాండ్లర్‌లోనే పుట్టి పెరిగిన తెలుగు పిల్ల. కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీలో ఉద్యోగం. శని ఆదివారాలు మాత్రం, రెండో ప్రపంచ యుద్ధం నాటి బాంబర్ విమానాన్ని ఎయిర్‌షోలకు తిప్పే వాలంటీర్ల బృందంలో పని చేస్తుందట. టికెట్ కొన్నవాళ్ళను ఎక్కించుకుని ఊరి మీద ఒక చుట్టు తిప్పి దింపుతారు. రావడానికి ముందు ఫోన్ చేసి తను ఆ బృందం మాట ఎత్తగానే నా గొంతు మారిపోయి ఉండాలి. "బ్యాడ్ టైమా ఆంటీ?" అని అడిగింది. బ్యాడ్ టైమ్ గడిచి చాలా ఏళ్ళయిందని చెప్పి రమ్మన్నాను. వచ్చి కూర్చుని, కాఫీ తాగి, చంకలో ఉన్న పెద్ద కాగితపు చుట్టను మా డైనింగ్ టేబుల్ మీద పరిచింది. అది మళ్ళీ చుట్టుకుపోకుండా నాలుగు మూలలా నా మందు డబ్బాలు, ఊరగాయ సీసా పెట్టాం.

పాత వార్తాపత్రికలో పడిన ఫొటోను మనిషి ఎత్తు చేసి అచ్చు వేయించారు. అందులో మా అత్తగారు. నేత చీర కొంగు నడుముకు దోపుకుని, చేతిలో హారతి పళ్ళెంతో, తన భుజాల దాకా ఉన్న విమానం చక్రం ముందు నిలబడి ఉంది. పక్కన కొంచెం వంగి నిలబడ్డ కళ్ళజోడు మనిషి మా ఆయన ప్రకాశరావు. కింద పెద్ద అక్షరాల్లో, విమానానికి ఆశీర్వాదం అనీ, తమ బృందం మొదటి నుంచీ అందరినీ కలుపుకుపోయిన కుటుంబం అనీ అర్థం వచ్చేట్టు రెండు ముక్కలు ఇంగ్లీషులో రాశారు. వాళ్ళ బృందం మ్యూజియం గోడకు పెడతారట, మా అనుమతి కావాలట. చదివి నాకు కోపం వచ్చింది. ఆ అమ్మాయి మీద కాదు. ఆ పిల్లకేం తెలుసు.

మేం కాపురం పెట్టిన రోజుల్లో చాండ్లర్ అంటే పత్తి చేలు, పాల డైరీలు, వాటి మధ్య నీళ్ళ కాలవలు. గాలి ఇటు తిరిగితే పేడ వాసన, అటు తిరిగితే మందు కొట్టిన పత్తి వాసన. ఏసీ వేయించుకునే స్తోమత లేక మా ఇంటి కప్పు మీద నీళ్ళ కూలర్ ఉండేది. అది తిరుగుతున్నంతసేపూ ఇల్లంతా తడిసిన గడ్డి వాసన వేసేది. తెలుగువాళ్ళు ఉన్నారంటే ఉన్నారు, ఒకరి ఇంట్లో పండగ చేసుకుంటే హాలు నిండేది కాదు. ఎవరైనా లాస్ ఏంజెలెస్ వెళ్తే అందరికీ కందిపప్పు, చింతపండు మోసుకొచ్చేవారు. మా ఆయన కొత్తగా పెట్టిన చిప్పుల ఫ్యాక్టరీలో ఇంజనీరు. వారమంతా దుమ్ము రేణువు పడకూడని గదిలో నెత్తి నుంచి కాళ్ళ దాకా తెల్ల ముసుగు వేసుకుని పని చేసే ఆ మనిషి, శనివారం వచ్చేసరికి ఈ విమానం దగ్గర మసిలో దొర్లడానికి పోయేవారు. పెళ్ళయిన కొత్తలో నేను దాన్ని సరదా అనుకున్నాను. సరదా అయితే ఏడాదిలో తీరిపోయేది.

శనివారం మా ఇంట్లో ఎప్పుడూ ఒకటే తంతు. తెల్లవారకముందే లేచి కాఫీ పెట్టాలి, పులిహోరో ఉప్మానో డబ్బాలో సర్దాలి. పొద్దున్నే వెళ్ళిన మనిషి చీకటి పడ్డాక వచ్చేవారు. బట్టల మీద తొడుక్కునే ఆ మసి ఓవరాల్స్ ఇంట్లోకి రావడానికి వీల్లేదని నేను మొదట్లోనే శాసనం చేశాను. పెరట్లోనే విప్పి, గిన్నెలు తోమే సబ్బుతో మోచేతుల దాకా రుద్దుకుని, అప్పుడు లోపలికి రావాలి. ఎంత రుద్దినా ఇంజన్ ఆయిల్ వాసన జుట్టులో ఉండిపోయేది. సోమవారం దాకా దిండు గలీబు కూడా అదే వాసన. మా అమ్మాయి సుధకు నాన్న అంటే ఆ వాసనే. మధ్యాహ్నం పూట పిల్లను తీసుకుని నేను కూడా అప్పుడప్పుడు విమానాన్ని ఉంచే హ్యాంగర్‌కి వెళ్ళేదాన్ని. అక్కడ అందరూ ముసలివాళ్ళు, పందొమ్మిదేళ్ళకే యుద్ధానికి వెళ్ళి తిరిగొచ్చినవాళ్ళు. విమానం ముక్కు మీద బట్టలు అంతంతమాత్రంగా కట్టుకున్న ఒక అమ్మాయి బొమ్మ ఉండేది. దాని కిందే కూర్చుని అందరూ బుద్ధిగా నా పులిహోర తినేవారు.

ఆ పనిలో మా ఆయనకు అన్నిటికన్నా ఇష్టమైనది ప్రొపెల్లర్లు తిప్పడం. పాతకాలం ఇంజన్లు కదా, విమానం ఆగి ఉన్నప్పుడు నూనె కింది సిలిండర్లలోకి దిగిపోతుంది. అలాగే స్టార్ట్ చేస్తే ఇంజన్ పాడవుతుంది. అందుకని ముందు మనుషులే ఒకరి వెనక ఒకరు వచ్చి ప్రొపెల్లర్ రెక్కలను చేతులతో నెట్టి తిప్పాలి. నాలుగు ఇంజన్లకూ అదే పని. ఆ వరసలో నలుగురు పొడుగు మనుషుల మధ్య మా ఆయన మునివేళ్ళ మీద లేచి రెక్క అందుకునేవారు. వాళ్ళు ఆయన పేరు పలకలేక కాష్ అనేవారు. చిన్నప్పుడు ఎయిర్‌ఫోర్స్‌లో చేరదామని వెళ్తే కళ్ళజోడు చూసి గుమ్మంలోనే వెనక్కి పంపారట. ఆ దుగ్ధ ఆయనకు పోలేదు.

ఆయనకు కావలసింది ఒక్కటే, తోలు జాకెట్. అది కొనుక్కుంటే దొరికేది కాదు. ఏళ్ళ తరబడి శనివారాలు ధారపోసిన వాళ్ళలో కొందరికి ఆ బృందానికి పెద్ద అయిన వాల్ట్ తన చేత్తో ఇచ్చేవాడు. గుండె మీద పేరు కుట్టి ఉంటుంది. అది ఉన్నవాళ్ళే ఎయిర్‌షో రోజున క్రూగా ఎగురుతారు. విమానం వచ్చి జనం ముందు ఆగగానే ముక్కు కింద ఉన్న చిన్న తలుపు తెరుచుకుంటుంది. మైకులో పేరు పిలుస్తుంటే ఒక్కొక్కరే దిగుతారు, జనం చప్పట్లు కొడతారు. జాకెట్ లేనివాళ్ళు తాడుకి ఇవతల నిలబడి, కారే నూనె నేల మీద పడకుండా ఇంజన్ల కింద పెట్టే రేకు పళ్ళేలు పట్టుకుని చూస్తారు. మా ఆయన అలా ఎన్ని సీజన్లు చూశారో. నాకు నగల మీద కూడా అంత మోజు ఉండేది కాదు.

వాల్ట్ సంగతి చెప్పాలి. యుద్ధంలో ఇలాంటి విమానంలోనే బాంబులు వదిలే పని చేసిన మనిషి. సన్నగా, పొడుగ్గా, ఒక చెవి వినపడక తల పక్కకు వంచి మాట్లాడేవాడు. చెడ్డవాడని ఇప్పటికీ అనలేను. చలికాలం వస్తే వాళ్ళ పెరట్లో కాసిన గ్రేప్‌ఫ్రూట్లు గోనెసంచిలో మా ఇంటికి తెచ్చేవాడు. ఒక ఏడు ఎండలు తగ్గుతున్నప్పుడు ఆ వాల్ట్ మా ఆయన భుజం మీద చెయ్యి వేసి, ఈ సీజన్‌లో నీ జాకెట్ నీకు వస్తుంది అన్నాడు. ఆ రోజు మా ఆయన ఓవరాల్స్‌తోనే ఇంట్లోకి వచ్చేశారు. నా శాసనం నేనే మర్చిపోయాను.

అప్పుడు మా అత్తగారు మా దగ్గరే ఉంది. ఆరు నెలలు ఉందామని వచ్చింది. చన్నీళ్ళ కుళాయి తిప్పినా వేడినీళ్ళే వచ్చే ఊరు ఇదేం ఊరని పొద్దున్నే సణుక్కుంటూ స్నానం చేసేది. వాల్ట్ ఇచ్చిన గ్రేప్‌ఫ్రూట్లను చూసి ఇవి దబ్బకాయలేనని తీర్మానించి జాడీడు ఊరగాయ పెట్టింది. చేదుగా ఉన్నా ఎవరం నోరు మెదపలేదు. పత్తి చేల మీద మందు కొట్టే చిన్న విమానం వచ్చిందంటే మాత్రం ఎక్కడి పని అక్కడ వదిలేసి లోపలికి వచ్చేసేది. యుద్ధంలో విశాఖపట్నం మీద బాంబులు పడ్డప్పుడు, గిన్నెలు బండికెత్తుకుని ఊరు ఖాళీ చేసిపోయిన వాళ్ళలో ఆవిడ కూడా ఉంది. ఆ చప్పుడు ఆవిడ చెవుల్లోంచి పోలేదు.

కొడుకు అంత గొప్పగా చెప్తున్న విమానాన్ని చూస్తానంటే హ్యాంగర్‌కి తీసుకెళ్ళాం. దాని చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, "ఇది ఎవరి మీద వేసిందిరా?" అంది.

ఇది యుద్ధం చివర్లో తయారైందనీ, ఎక్కడికీ పోలేదనీ, దీని అక్కచెల్లెళ్ళే వెళ్ళాయనీ మా ఆయన చెప్పారు. ఆ మాటే పట్టుకుంది ఆవిడ. "అక్కచెల్లెళ్ళయితే మైల ఇంటిల్లిపాదికీ ఉంటుంది కదరా. శాంతి చెయ్యకుండా నువ్వు దీన్ని ఎక్కడానికి వీల్లేదు," అంది.

ఇంక ఆవిడను ఆపడం ఎవరి తరం. దసరా రోజులు వచ్చాయి. వాహనాలకు పూజ మా ఆచారమని మా ఆయన వాల్ట్‌ని అడిగారు. మంచి జరగాలని చేసేదేదైనా మంచిదేనన్నాడు వాల్ట్. పెట్రోలు ఉన్నచోట కర్పూరం వెలిగించడం కుదరదు కాబట్టి విమానాన్ని ఆరుబయటికి తోశారు. ఒకాయన మంటలార్పే ఎర్ర సిలిండర్ పట్టుకుని మా అత్తగారి పక్కనే కాపలా నిలబడ్డాడు. ఆవిడ నాలుగు ప్రొపెల్లర్లకూ నిచ్చెన వేయించి పసుపు కుంకుమ పెట్టించింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. బూడిద గుమ్మడికాయ ఈ దేశంలో ఎక్కడ దొరుకుతుంది. పిల్లలు దెయ్యం మొహాలు చెక్కుకునే నారింజ రంగు గుమ్మడికాయ ఒకటి తెచ్చాం. దానికే కుంకుమ అద్ది, విమానానికి దిష్టి తీసి, కాంక్రీటు మీద పగలగొట్టింది. గింజలు నలుమూలలా చిందాయి. విమానం దగ్గర నేల మీద చిన్న మేకు పడి ఉన్నా ఊరుకోని మనుషులు వాళ్ళు. వయసుమళ్ళిన ఆ పెద్దమనుషులందరూ మోకాళ్ళ మీద పాకుతూ గుమ్మడి గింజలు ఏరారు. నవ్వీ నవ్వీ నాకు కళ్ళల్లో నీళ్ళు వచ్చాయి. మా కాపురంలో అంత సంతోషంగా గడిచిన రోజులు ఎక్కువ లేవు.

స్థానిక పేపరు నుంచి ఒక కుర్ర విలేకరి వచ్చాడు. ఫొటో తీసుకుని, ఈ పెద్దావిడ ఏమంటోందని అడిగాడు. ఆవిడ దాచుకునే రకం కాదు. "ఇలాంటివి ఎన్ని ఇళ్ళల్లో దీపాలార్పాయో. ఆ ఉసురు నా కొడుక్కి తగలకూడదని చేశాను," అంది. మా ఆయన ఒక్క ముక్క కూడా తగ్గించకుండా ఇంగ్లీషులో చెప్పారు. చచ్చినవాళ్ళ శాపం అన్నారు ఉసురుని. అమ్మ మాట మార్చి చెప్పడం ఆయనకు చేతకాదు. ఆ మాట ఫొటో కింద అలాగే అచ్చయింది.

తర్వాత రెండు వారాలు ఎవరూ ఏమీ అనలేదు. హ్యాంగర్‌లో మాటలు తగ్గాయని మాత్రం ఆయన అన్నారు. ఒకరోజు సాయంత్రం వాల్ట్ ఇంటికి వచ్చాడు. ఎప్పటిలాగే సోఫా అంచున కూర్చున్నాడు. నేను కాఫీ ఇచ్చాను. పేపరు చూసి కొందరు ఫోన్లు చేశారనీ, వాళ్ళ అన్నదమ్ములు అలాంటి విమానాల్లోనే పోయారనీ నిదానంగా చెప్పాడు. మా అత్తగారు కుర్చీలో కూర్చుని వత్తులు చేసుకుంటూ అతని మొహమే చూస్తోంది.

"మీ అమ్మ అన్నది అబద్ధమని నేను అనను, కాష్. కింద ఇళ్ళున్నాయని నాకు తెలుసు," అన్నాడు వాల్ట్. "కానీ షోకి వచ్చేవాళ్ళు తమ నాన్నల్ని, మామయ్యల్ని చూసుకోవడానికి వస్తారు. ముందు తలుపులోంచి నువ్వు దిగితే వాళ్ళకు ఆ మాటే గుర్తొస్తుంది. జాకెట్ ఈ సీజన్‌కి వద్దు."

ఈ సీజన్‌కి అన్నాడు గాని, ఇంకెప్పటికీ వద్దనే అర్థమని వాల్ట్‌కీ, ఆయనకీ, నాకూ తెలుసు. మా ఆయన తల ఊపారు. అంతే. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఆ మాట అచ్చు కాకపోతే ఇంకో కారణం దొరికేది. ముందు తలుపులోంచి దిగే మనిషి ఎలా ఉండాలో వాళ్ళకు మొదటి నుంచీ ఒక లెక్క ఉంది. మా అత్తగారు ఆ లెక్క పైకి చెప్పే పని వాళ్ళకు తప్పించింది. వాల్ట్ వెళ్ళాక ఆవిడ, ఏమంటున్నాడురా అని అడిగింది. ఒక ఇంజన్‌కి మరమ్మతు ఉందట, ఎగరడానికి ఇంకా టైమ్ పడుతుందట అని మా ఆయన చెప్పారు. నేను చేసిన శాంతి వల్లే ముందుగా బయటపడింది, లేకపోతే గాల్లో ఉండగా ఆగిపోయేది అని ఆవిడ మురిసిపోయింది. ఆ నమ్మకంతోనే ఇండియా వెళ్ళిపోయింది. చనిపోయేదాకా ప్రతి ఉత్తరంలోనూ విమానం ఎక్కావా నాయనా అని అడిగేది.

ఆ మరుసటి శనివారం తెల్లవారకముందే ఆయన లేచి ఓవరాల్స్ తొడుక్కుంటుంటే నేను నమ్మలేకపోయాను. ఏ మొహం పెట్టుకుని వెళ్తారని అడిగాను. "మూడో ఇంజన్ సగం విప్పి ఉంది," అన్నారు. అదీ జవాబు. ఆ రోజు నేను డబ్బా కట్టలేదు. ఆ తర్వాత ఎప్పుడూ హ్యాంగర్‌కి భోజనం తీసుకెళ్ళలేదు. ఆయన మాత్రం మోకాళ్ళు సహకరించినన్నాళ్ళూ మానలేదు. తర్వాత వచ్చినవాళ్ళకు జాకెట్లు వచ్చాయి. ఆయన చేత్తో పని నేర్పినవాళ్ళకు కూడా వచ్చాయి. వాళ్ళను చూసి ఆయన కుళ్ళుకుంటే నాకు కొంత హాయిగా ఉండేది. కుళ్ళుకోలేదు. నాకు వాళ్ళ మీద ఎంత కోపమో, ఆయన మీద అంతకన్నా ఎక్కువ కోపం. ఆయన పోయి ఇన్నేళ్ళయినా అది చల్లారలేదు.

మేఘన కుర్చీ మీద వేసిన తోలు జాకెట్ వచ్చినప్పుడే చూశాను. గుండె మీద ఆ పిల్ల పేరు కుట్టి ఉంది. చేరిన ఏడాదికే ఇచ్చారట. పైలట్ల వెనక నిలబడి టికెట్ కొన్నవాళ్ళకు విమానం గురించి చెప్తుందట. అందరూ రియల్లీ నైస్ పీపుల్ ఆంటీ అంది. కాదని నేను అనలేదు. అప్పుడూ నైస్ పీపులే. కాలం మారింది, మంచిదే. ఆ పిల్లను చూస్తే సంతోషించాలని నాకు తెలుసు, సంతోషం మాత్రం రాలేదు. మా ఆయన ఏళ్ళ తరబడి తట్టిన తలుపు ఈ పిల్లకు అడగకుండానే తెరుచుకుంది. మాకు చేసిన దానికి క్షమాపణ చెప్పాల్సినవాళ్ళు ఒక్కరూ మిగల్లేదు, అందరూ పోయారు. మిగిలినవాళ్ళు ఇప్పుడు మా అత్తగారిని గోడకు తగిలించి తమ మంచితనానికి సాక్ష్యంగా చూపిస్తారట.

పేపర్లో ఫొటో కింద ఆవిడ మాట కూడా ఉండాలి, అదేదని అడిగాను. మేఘన ఇబ్బందిగా కదిలింది. "అది కొంచెం హెవీగా ఉందన్నారు ఆంటీ. కిడ్స్ వస్తారు కదా, సో తీసేశారు," అంది. ఆవిడ చేసింది ఆశీర్వాదం కాదమ్మా, శాంతి, ఆ మాట పెడితేనే ఫొటో పెట్టండి, లేకపోతే నా అనుమతి లేదు అని చెప్పాను. మ్యూజియం కమిటీని అడిగి చెప్తానంది. అడిగిందో లేదో, ఇంతవరకూ ఫోన్ రాలేదు. వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగి, "అంకుల్ ఎప్పుడైనా ఫ్లై చేశారా ఆంటీ, మన ప్లేన్‌లో?" అని అడిగింది. ఒకసారి ఎక్కారమ్మా అన్నాను. ఓ నైస్ అని నవ్వి వెళ్ళిపోయింది. మిగతాది దానికి చెప్పడానికి నాకు మనసు రాలేదు.

ఆయన విమానం ఎక్కేనాటికి జాకెట్ మాట అణగిపోయి రెండు మూడు సీజన్లు గడిచాయి. ఎడారిలో వేరే ఊళ్ళో షో ఉంది. క్రూలో ఒకాయనకు జ్వరం వచ్చింది. వెనక భాగంలో నిలబడి ఇంజన్లను, చక్రాలను కనిపెట్టి చూసే మనిషి ఒకడు తప్పనిసరిగా కావాలి. ముందురోజు సాయంత్రం వాల్ట్ ఫోన్ చేసి, కాష్, రేపు వస్తావా అన్నాడు. ఆయన రాత్రంతా పడుకోలేదు. పొద్దున్నే, నువ్వు సుధను తీసుకుని కారులో రా, నేను దిగేటప్పుడు అది చూడాలి అన్నారు. ఎప్పుడూ ఏదీ అడగని మనిషి. తెల్ల చొక్కా ఇస్త్రీ చేసి ఇచ్చాను. ఆ ఒక్క రోజుకి నా కోపం కూడా పక్కన పెట్టాను.

మేం వెళ్ళేసరికి తాడు పొడుగునా జనం. సుధను ఐస్ పెట్టె మీద నిలబెట్టాను. విమానం వచ్చి మా ఎదురుగానే ఆగింది. నాలుగు ఇంజన్లూ ఒకదాని తర్వాత ఒకటి ఆగాయి. ముక్కు కింద తలుపు తెరుచుకుంది. మైకులో పేర్లు పిలిచారు. వాల్ట్ దిగాడు. ఇంకొకరు, ఇంకొకరు. దిగిన ప్రతి ఒక్కరికీ సుధ చప్పట్లు కొట్టింది, ప్రతిసారీ నా వైపు తిరిగి నెక్స్ట్ నాన్నేనా అని అడిగింది. పేర్లు అయిపోయాయి. తలుపు మూసేశారు. జనం తినుబండారాల వైపు కదిలారు. మేం కదల్లేదు. ఎండలో ఆ రేకు డబ్బా లోపల ఎంత వేడి ఉంటుందో నేను ఆలోచించకుండా ఉండలేకపోయాను. ఆ తాడు దగ్గర ఇంకెవరూ లేకుండా పోయాక అప్పుడు వెనక పక్క తలుపు తెరుచుకుంది.

ఆయన దిగారు. చేతిలో మసిగుడ్డ. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. మమ్మల్ని చూసి నడుచుకుంటూ వచ్చారు. ఇంతసేపూ లోపల ఏం చేస్తున్నారని అడిగాను.

"జనం తగ్గేదాకా లోపలే ఉండి లీకులు చూడమన్నారు," అన్నారు మామూలుగా.

సుధకు అవేం పట్టలేదు. నాన్న దిగాడు, అంతే. పెట్టె మీద నిలబడి గట్టిగా చప్పట్లు కొట్టడం మొదలుపెట్టింది. ఆ ఖాళీ మైదానంలో ఆ చప్పట్లు ఎంత పెద్దగా వినిపించాయో. ఆయన గబుక్కున అటూ ఇటూ చూసి, పిల్ల రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని ఆపేశారు.

"చాల్లేమ్మా," అన్నారు. "ఎవరైనా చూస్తారు."